చెట్టు పేరు చెప్పి మాకు ఓర్పు నేర్పకండి

వానాకాలం మొదలైతే మా ఏజెన్సీ బడుల ఆవరణల్లో మొక్కలు నాటే కార్యక్రమం జరుగుతుంది. గుంట ముందే తవ్వి ఉంటుంది. అతిథి వచ్చి మొక్క పెట్టి, చెంబుడు నీళ్లు పోసి, ఫోటో దిగి, మైకు అందుకుంటాడు. చెట్టును చూసి త్యాగం నేర్చుకోండి, రాయి వేసినా పండే ఇస్తుంది అంటాడు. ఆకు రాల్చిన చెట్టు చిగురు కోసం ఎదురుచూసినట్టు మీరూ ఓపిక పట్టండి అంటాడు. గాలికి తలవంచిన చెట్టే నిలుస్తుంది అని ముగిస్తాడు. పిల్లలు చప్పట్లు కొడతారు.

ఆ చప్పట్లు కొట్టేది కోయ, కొండరెడ్డి, నాయకపోడు ఇళ్ల పిల్లలు. ఏ చెట్టు ఏ నెలలో పూస్తుందో, ఏ ఆకు ఎన్ని రోజులకు ముదురుతుందో నడక వచ్చిన నాటి నుంచి చూస్తున్న పిల్లలు. వాళ్లకు చెట్టు గురించి చెబుతున్నది తునికికీ మద్దికీ తేడా తెలియని పెద్దమనిషి. అది ఒక్కటే అయితే నవ్వుకుని ఊరుకునేవాళ్లం. కానీ ఆయన చెప్పే నీతిలో ఒక పని దాగి ఉంది. పోడు పోతే ఓర్చుకో, ఊరు మునిగితే త్యాగం చెయ్యి, అధికారి వస్తే తలవంచు. మమ్మల్ని చెయ్యమన్న పనులన్నీ ముందు చెట్టుకు అంటగట్టి, తర్వాత చెట్టు చేత మాకు చెప్పిస్తున్నారు. మా పేచీ ఇక్కడే. చెట్టు దగ్గర, ఋతువు దగ్గర మనిషి నేర్చుకోవలసింది చాలా ఉంది. ఇది మాత్రం కాదు.

ముందు ఆకు రాలడం సంగతి చూద్దాం. చలి వెనక్కి పోయి ఎండ ముదిరే రోజుల్లో మన అడవిలో టేకు, మద్ది, తునికి ఆకు రాలుస్తాయి. నేలలో తడి తగ్గుతుంది. ఆకుల గుండా నీరు ఆవిరై పోతుంది. ఉన్న నీటిని కాపాడుకోవడానికి చెట్టు ఖర్చు తగ్గించుకుంటుంది. అందులో దుఃఖమూ లేదు, ఓర్పూ లేదు, ఉన్నది లెక్క. ఆ లెక్కలో చెట్టు చేతులు కట్టుకుని కూర్చోదు. మోదుగ ఒంటి మీద ఆకు లేనప్పుడే అడవంతా ఎర్రగా పూస్తుంది. ఇప్ప బోడి కొమ్మల మీద పువ్వు గుత్తులు వేస్తుంది. రేల నిండు ఎండల్లో పసుపు దండలు వేలాడేస్తుంది. కరువు రోజుల్లోనే అడవి ఎక్కువ పనిచేస్తుంది. దీన్ని చూసి ఎదురుచూడటం నేర్చుకోమంటే ఎలా?

రాయి వేస్తే పండు ఇస్తుందన్నది మరో మాట. నల్లజీడి కొమ్మ విరిచి చూడండి. ఆ రసం తగిలిన చోటల్లా ఒళ్లు పొక్కుతుంది. రేగుకు ముల్లుంది, సండ్రకు ముల్లుంది, వేపకు చేదుంది. అడవిలో ప్రతి చెట్టూ తన్ను తాను కాపాడుకునే ఏర్పాటు చేసుకునే బతుకుతుంది. టేకును మొదలంటా నరికితే మోడు నుంచి పిలకలు వేస్తుంది. నరికినవాణ్ణి క్షమించానని ఆ పిలకలకు అర్థం కాదు. ఇంకా ఇక్కడే ఉన్నానని అర్థం.

ఇక త్యాగం. ఇప్ప పువ్వు రాత్రిపూట విచ్చుతుంది. గబ్బిలాలు వచ్చి ఆ తీపి తిని, పుప్పొడిని ఇంకో చెట్టుకు మోస్తాయి. ఉసిరికాయ తిన్న జింక గింజను దూరంగా వేసి వస్తుంది. చెట్టు ఇస్తుంది, పుచ్చుకుంటుంది. అడవి నడిచేది ఇచ్చిపుచ్చుకోవడం మీద. ఒకరు ఇస్తూనే ఉండి, ఇంకొకరు తీసుకుంటూనే ఉంటే దానికి మన భాషలో త్యాగం అని పేరు లేదు. దోపిడీ అంటాం.

మన పెద్దలు చెట్టు దగ్గర నేర్చుకున్నది ఏమిటో మన పండుగల్లో ఉంది. చెట్టుకు మామిడికాయలు వేలాడుతున్నా ఊరంతా కలిసి పండుగ చేసేదాకా ఎవరూ నోట పెట్టరు. ఇప్పపువ్వుకు పండుగ ఉంది, చిక్కుడుకు పండుగ ఉంది, కొత్త పంటకు కొత్తల పండుగ ఉంది. విత్తనం నేల మీద పడకముందు విజ్జె పండుం ఉంది. బయటివాళ్లు వీటిని మూఢనమ్మకాలన్నారు, ఇంకొందరు డోలూ కొమ్ముబూరా ఉన్న వినోదమనుకుని వీడియో తీసుకుని పోయారు. నిదానంగా ఆలోచిస్తే అందులో రెండు చట్టాలు కనిపిస్తాయి. ఒకటి, కాయ టెంక కట్టేదాకా ఆగాలి, అంటే చెట్టుకు రేపు మిగలాలి. రెండు, మొదలుపెట్టే రోజు అందరికీ ఒక్కటే. బలమున్నవాడు, మంది ఉన్నవాడు ముందే పోయి దులుపుకు వస్తానంటే కుదరదు. మేం దీన్ని ఓర్పు అనం. అందరి కోసం అందరూ కలిసి పెట్టుకున్న హద్దు ఇది. ఒకడు మాత్రమే ఆగి ఇంకొకడు తినేస్తే ఆ ఆగడాన్ని మన ఊళ్లో ఎవరూ మెచ్చుకోరు.

ఋతువు ఇంకో పాఠం చెబుతుంది. అది అదను పాఠం. తునికాకు సంగతి తీసుకోండి. ఎండలు మొదలయ్యే ముందు తునికి పొదలను కొట్టిస్తారు. ఏప్రిల్ చివరికి లేత ఆకు వస్తుంది. కోసేది కొన్ని వారాలు మాత్రమే. తెల్లారకముందే పోయి ఆకు తెంపి, 50 ఆకులకు ఒక కట్ట కట్టి, సాయంత్రం కల్లానికి మోస్తాం. ఆకు ముదిరితే బీడీకి పనికిరాదు. వాన పడితే కల్లంలో ఆకు పాడవుతుంది. ఈ తొందర కూలికి ఉన్నట్టే కాంట్రాక్టరుకూ ఉంది. కట్టకు పైసలు లెక్కపెట్టి ఇచ్చిన రోజుల నుంచి రూపాయలదాకా ధర పెరిగిందంటే ఎవరి దయా కాదు. గోదావరి లోయలో కూలీలు ఆకు లేతగా ఉన్న రోజుల్లోనే, మాట తేలేదాకా తెంపం అని నిలబడ్డారు. ఆకు ముదిరాక చేసే సమ్మెకు విలువ లేదు. ఋతువు తెలిసినవాడికి ఎప్పుడు ఆగాలో తెలుసు, ఎప్పుడు ఆగకూడదో కూడా తెలుసు. ఉపన్యాసాల్లో మొదటి సగమే చెబుతున్నారు.

మన చరిత్ర చదివినా ఇదే తేలుతుంది. రేకపల్లి ప్రాంతం 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రభుత్వం కిందికి వచ్చింది. అంతకు ముందు పోడుకు పన్ను గొడ్డలికి నాలుగణాలు. ఒక గొడ్డలితో ఒక మనిషి ఎంత కొట్టుకుంటే అంత. మద్రాసు దొరలు దాన్ని దాదాపు మూడు రెట్లు చేశారు. కొన్ని అడవుల్లోకి అడుగే పెట్టవద్దన్నారు. పక్కనే రంపలో కల్లు చెట్ల మీద చిగురు పన్ను వేశారు. చిగురుకు పన్నేమిటని మన్యం మండింది. 1879 రంప ఫితూరీ అక్కడి నుంచి రేకపల్లి దాకా పాకింది, ఇక్కడ అంబుల్ రెడ్డి ముందు నిలిచాడు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. దాని కింద నలిగిన మన్యమే 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు వెంట నడిచింది. చెట్టు నీడన పుట్టి పెరిగిన వాళ్లు చెట్టు దగ్గర ఓర్పే నేర్చుకుని ఉంటే ఈ తేదీలు ఏవీ ఉండేవి కావు.

ఇప్పటి మాటకు వద్దాం. చెట్టును గొప్పగా పొగిడే కాలంలోనే చెట్టు అనే మాటకు అర్థం మార్చేశారు. 2015లో తెలంగాణలో హరితహారం మొదలైంది. 230 కోట్ల మొక్కలు, రాష్ట్ర విస్తీర్ణంలో 33 శాతం పచ్చదనం లక్ష్యమన్నారు. పచ్చదనం వద్దనే ఆదివాసీ లేడు. అయితే సాగులో ఉన్న పోడు చుట్టూ కందకాలు తవ్వి, జొన్న చల్లుకునే నేలలో మొక్కలు గుచ్చినప్పుడు ఎన్నో గూడేల్లో గొడవలయ్యాయి, కేసులయ్యాయి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం సాగుదారు హక్కు తేలేదాకా అతన్ని ఆ నేల నుంచి కదిలించకూడదు. 2023 జూన్‌లో చాలా కుటుంబాలకు పోడు పట్టాలు వచ్చాయి. రానివాళ్లు ఇంకా కాగితాలు పట్టుకుని తిరుగుతున్నారు.

జామాయిల్ సంగతి కూడా చెప్పాలి. సత్తుపల్లి నుంచి అశ్వారావుపేట, దమ్మపేట మీదుగా వస్తుంటే రోడ్డు పక్కన జామాయిల్ వరసలు నిలబడి ఉంటాయి. అది ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు. నాలుగైదేళ్లకు కొట్టి కాగితం గుజ్జుకు పంపుతారు. మళ్లీ పిలకలొస్తే మళ్లీ కొడతారు. పశువు దాని ఆకు ముట్టదు. దాని కింద ఇప్పపువ్వు ఏరుకునే బుట్టకు పని లేదు, తునికికి చోటు లేదు, తేనెపట్టు కోసం తల ఎత్తి చూసేవాడు లేడు. లెక్కల పుస్తకంలో అదీ చెట్టే, ఇప్పా చెట్టే. సొంత పట్టా భూమిలో జామాయిల్ వేసిన మన రైతులను మేం తప్పు పట్టడం లేదు. నీళ్లు లేక, అప్పులకు వడ్డీ కట్టలేక వేశారు. మా ప్రశ్న అడవి భూమిలో ఒకే జాతి చెట్టు వరసలు పెంచి దానికి అడవి అని పేరు పెట్టేవాళ్లకు. వరస అడవి కాదు. అడవిలో ప్రతి ఋతువుకూ ఒక తిండి ఉంటుంది. వరసలో కోత ఒక్కటే ఉంటుంది.

పోడు కొట్టేది మీరే కదా, అడవి తగ్గింది మీవల్లే కదా అని ఎదురు ప్రశ్న వేస్తారు. వెయ్యండి. పాత పోడు చేనును చూడండి. చేను మధ్యలో ఇప్ప నిలబడి ఉంటుంది, చింత నిలబడి ఉంటుంది. కడుపు నింపే చెట్టు మీద గొడ్డలి వెయ్యకూడదన్నది మన కట్టుబాటు. కొన్నేళ్లు సాగుచేసిన చోటును బీడుగా వదిలేస్తే అడవి తిరిగి లేచేది. గనులకు, ప్రాజెక్టులకు, రోడ్లకు, బయటి నుంచి వచ్చి ఆక్రమించినవాళ్లకు అడవి పోయాక మనకు మిగిలింది ఇరుకు నేల. ఇరుకులో బీడు వదలడం ఎలా కుదురుతుంది? బీడు వదిలే వీలు లాగేసినవాళ్లే, బీడు వదలడం లేదని మనల్ని అంటున్నారు.

ఇక త్యాగం మాట చివరికి ఎక్కడ తేలుతుందో పోలవరం ముంపు ఊళ్లను అడగండి. 2014లో కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు వంటి మండలాలను ఖమ్మం జిల్లా నుంచి తీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం ఇటు, చుట్టూ ఉన్న దాని పల్లెలు అటు అయ్యాయి. దేశం కోసం త్యాగం చేస్తున్నారని మైకుల్లో పొగిడారు. పరిహారం పట్టికలో ఇంటికి ధర వేస్తారు, ఎకరానికి ధర వేస్తారు. వేసవిలో ఇప్పపువ్వు, ఆ తర్వాత తునికాకు, వానల్లో కూరాకు, పుట్టగొడుగులు, చలికాలంలో ఉసిరి, కరక్కాయ ఇచ్చే ఏడాది చక్రానికి ధర ఏ పట్టికలో ఉంది? మైదానంలో కట్టిన కాలనీకి గోడలుంటాయి, ఋతువులుండవు. చెట్టును చూసి నేర్చుకోమన్నారు కదా, నిండా ఎదిగిన ఇప్పను పీకి ఇంకో చోట నాటి బతికించి చూపించండి. ఆ తర్వాత ఊళ్లను కదిలించే మాట ఎత్తండి.

ఋతువులు కూడా పాత దారిన నడవడం లేదు. భద్రాచలం దగ్గర గోదావరి 53 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. 1986 ఆగస్టులో 75.6 అడుగులకు వచ్చింది. 2022లో జూలై మధ్యలోనే 71.3 అడుగులకు లేచింది. విజ్జె పండుం చేసి విత్తనం వేసిన తర్వాత వాన ఎప్పుడొస్తుందో ఇప్పుడు ముసలివాళ్లు కూడా గట్టిగా చెప్పలేకపోతున్నారు. ఇలాంటి కాలంలో ఏ చెట్టు ముందు పూసింది, ఏ ఏడు పూత తగ్గింది అని గుర్తుపెట్టుకునే మనుషులు దేశానికి కావాలి. వాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్ల మనవళ్లకు మాత్రం ఋతువుల పాఠం మైదానం పుస్తకంలో నుంచి చెబుతున్నాం.

కాబట్టి సార్లకూ, టీచరమ్మలకూ మా మనవి సూటిగా చెబుతాం. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామున ఇప్పచెట్టు కిందికి పోయిన పిల్లను బడి ఎగ్గొట్టిందని రాయకండి. ఆ ఇంటికి ఆ నెల తిండీ ఉప్పూ అక్కడి నుంచే వస్తాయి. ఆ పువ్వు ఏరి తెచ్చిన పిల్ల చేతనే లెక్కల పాఠం, సైన్సు పాఠం చెప్పించండి. బయటి లోకానికి ఇప్పపువ్వంటే సారా ఒక్కటే గుర్తొస్తుంది. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు అదే పువ్వుతో లడ్డూలు చేసి పిల్లలకు తినిపిస్తున్నారని మీరు చెప్పండి. 2004లో కోయతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో చదువు చెప్పే ప్రయత్నం మొదలైంది. దాన్ని వదిలేయకుండా, బడి గోడ మీద కోయలో, తెలుగులో ఊరి ఋతువుల పట్టిక రాయండి. రాయడానికి ఊరి పెద్దనూ, పూజారినీ, ఆకు తెంపే అవ్వనూ బడికి పిలవండి. కుర్చీ వేసి కూర్చోబెట్టండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీతో ఒక మాట. సెల్‌ఫోన్ స్టేటస్‌లో ఎండిన కొమ్మ బొమ్మ, కింద ఓపిక గురించి నాలుగు మాటలు పెడితే అడవి మనది కాదు. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం మన గ్రామసభకు అడవి మీద మాట ఇచ్చాయి. చిన్న అటవీ ఉత్పత్తులు మనవని, వెదురు కూడా అందులోదేనని 2006 చట్టమే చెబుతుంది. మనకు ఎగువన గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా అనే గోండు ఊరు ఆ మాటను పట్టుకుని నిలబడి, 2011లో తన వెదురును తానే అమ్ముకునే రవాణా పర్మిట్లు చేతికి తీసుకుంది. అదే చట్టం మన దగ్గరా ఉంది. సామూహిక అటవీ హక్కుల కోసం ఎన్ని ఊళ్లు దరఖాస్తు పెట్టాయో మీ మండలంలో లెక్క తీయండి. వచ్చే వానలకు మన అడవిలో ఏ మొక్క నాటాలో ముందుగా మన గ్రామసభ తీర్మానం చెయ్యాలి. ఇప్ప, తునికి, చింత, ఉసిరి, కరక్కాయ, వెదురు అని పేర్లు రాయాలి. జామాయిల్ వద్దని కూడా రాయాలి. సంతకాలూ వేలిముద్రలూ పెట్టి అటవీ శాఖకు ఒక ప్రతి, ఐటీడీఏకు ఒక ప్రతి ఇచ్చి రశీదు తీసుకోవాలి.

గుంటలు తవ్వే రోజు వచ్చాక అడిగితే ఆలస్యమవుతుంది. ఆకు లేతగా ఉన్నప్పుడే తెంపాలన్నది మనకు కొత్త సంగతి కాదు.