చోక్ మరలకి ఏ గ్రీజు?

మధిర వైపు చేలల్లో బోరు మోటారు పైకి లాగడం చూసినవాళ్ళకి ఈ వారం సంగతి సగం ముందే తెలుసు. ఏళ్ళ తరబడి లోపల ఉన్న ఇనుప పైపుకీ, సాకెట్‌కీ మధ్య మరలు తుప్పుతో ఒకటైపోతాయి. రెండు పైపు పానాలు వేసి ఇద్దరు వేలాడినా కదలదు. బిగించిన రోజు కాస్త గ్రీజు రాసి ఉంటే బాగుండేదని అప్పుడు అందరికీ గుర్తొస్తుంది. ఇదే గొడవ షాట్‌గన్ మూతి దగ్గరా ఉంది. కాకపోతే బోరు దగ్గర పోతే పైపు ఒక్కటే పోతుంది. ఇక్కడ బ్యారెల్ పోతుంది, టైమ్ బాలేకపోతే పక్కనున్నవాడికీ దెబ్బే.

తుపాకీ ఊసు మనకెందుకు అంటారా? 2023 అక్టోబరు 1న హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మగవాళ్ళ ట్రాప్ టీమ్‌కి గోల్డ్ వచ్చింది. ఆ ముగ్గురిలో ఒకడు కైనాన్ చెనాయ్, మన హైదరాబాదీ. అదే రోజు సింగిల్స్‌లో బ్రాంజ్ కూడా కొట్టాడు. 2016 రియో ఒలింపిక్స్‌లోనూ ఆడాడు. ఇలాంటి కబురు రీల్స్‌లో చూసి రేంజ్‌కి వెళ్ళాలనుకునే కుర్రాళ్ళు ఇప్పుడు చిన్న ఊళ్ళల్లోనూ ఉన్నారు. వాళ్ళకోసమే ఇది. భద్రాచలం అడవి దగ్గరే కదా అని వేట ఆలోచన ఉన్నవాళ్ళు మాత్రం ఇక్కడే ఆగిపోండి. 1972 నుంచి దానికో చట్టం ఉంది, నాటు తుపాకీకి ఆయుధాల చట్టం వేరే ఉంది.

ట్రాప్‌లో షూటర్‌కి 15 మీటర్ల ముందున్న గోతిలోంచి పళ్ళెం ఎగురుతుంది. ఎటు పోతుందో ముందు తెలీదు. తూటాలో ఉండేది 24 గ్రాముల సీసపు గుళ్ళు. అవి గుంపుగా పోవాలా, విచ్చుకుంటూ పోవాలా అనేది చోక్ చూసుకుంటుంది. మిర్చికి మందు కొట్టేటప్పుడు నాజిల్ ఒకవైపు తిప్పితే ధార, ఇంకోవైపు తిప్పితే తుంపర వస్తుంది కదా, అలాగన్నమాట. 12 బోర్ గొట్టం లోపలి వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఫుల్ చోక్ అంటే మూతి దగ్గర దాన్ని ఇంచుమించు ఒక మిల్లీమీటరు ఇరుకు చేయడం. అంతే తేడా!

మన దగ్గర లైసెన్సు మీద ఉన్న పాత డబుల్ బ్యారెల్ తుపాకుల్లో చాలావాటికి చోక్ గొట్టంలోనే కలిసి ఉంటుంది. అక్కడ విప్పేదేమీ లేదు, దయచేసి మూతిలో పానా పెట్టకండి. కొత్త వాటిల్లో చాలావరకు చోక్ విడిగా వస్తుంది. పల్చటి ఉక్కు గొట్టం, సన్నటి మరలు. దాన్ని మూతిలోకి తిప్పి బిగిస్తారు.

ఇక్కడే తిరకాసు. 25 షాట్ల రౌండ్ అయ్యేసరికి బ్యారెల్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. ప్రతి షాట్‌కీ మసి, తూటాలోని ప్లాస్టిక్ కప్పు అరుగుదల, సీసం పొడి మరల సందుల్లోకి దూరతాయి. చల్లారాక అదంతా గట్టిపడి సిమెంటులా పట్టేస్తుంది. చోక్ స్టెయిన్‌లెస్ స్టీలుదైతే ఇంకో తలనొప్పి. తుప్పు లేకపోయినా లోహం లోహాన్ని రాసుకుని అతుక్కుపోగలదు.

మరి ఏం రాయాలి? ఇంట్లో కుట్టుమిషన్ నూనె ఉంది కదా అనిపిస్తుంది. అది మరీ పల్చన, రెండు రౌండ్లకే ఎగిరిపోతుంది. కొబ్బరి నూనెా వద్దు. చలికాలం సీసాలో గడ్డకట్టడం మీరే చూస్తారు, పైగా వంట నూనెలు ఏవైనా వేడికి జిగురుగా మారతాయి. బండిలోంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్‌లో మసి, లోహపు పొడి ముందే ఉంటాయి, ఇంక దేనికి? అందరి ఇళ్ళల్లో ఉండే డబ్ల్యూడీ-40 మంచిదే, కానీ దాని పని వేరు. తేమని తరిమేయడానికి 1953లో పుట్టిన సరుకు అది. విప్పడానికి, తుడవడానికి వాడండి. బిగించేముందు మాత్రం ఆరబెట్టేయండి.

ప్లంబర్ వాడే తెల్ల టేపు చుడితే చోక్ అడుగుదాకా దిగదు. మర వదులు కాకుండా పోసే లాకింగ్ జిగురైతే మనకి కావలసినదానికి పూర్తి రివర్స్.

వేడికీ ఒత్తిడికీ నూనె పక్కకి పోయినా రెండు లోహాల మధ్య నిలబడే పొడి ఒకటి కావాలి. గ్రీజులో గ్రాఫైట్, మాలిబ్డినం డైసల్ఫైడ్, రాగి, నికెల్ పొడి కలిపేది అందుకే. ఆటోమొబైల్ షాపుల్లో 'యాంటీ సీజ్' అంటే ఇస్తారు, సైలెన్సర్ నట్లకి మెకానిక్‌లు వాడేదే. రాగి రకం వెయ్యి డిగ్రీల దగ్గరదాకా తట్టుకుంటుందని డబ్బాల మీద రాస్తారు. చోక్‌కి అంత అవసరమే లేదు. నన్నడిగితే మామూలు చోక్‌కి నల్లటి మోలీ గ్రీజు చాలు, స్టెయిన్‌లెస్‌కి నికెల్ రకం. 'చోక్ ట్యూబ్ లూబ్' పేరుతో అమ్మే చిన్న ట్యూబులు కూడా ఈ జాతివే, పేరుకి కొంచెం ఎక్కువ డబ్బు. ప్రతి రౌండ్‌కీ విప్పి తుడిచే ఓపిక ఉంటే ట్రాక్టరుకి కొట్టే లిథియం గ్రీజుతోనూ నడిచిపోతుంది. ఆ ఓపిక ఎంతమందికి ఉంటుంది? ఒక్క హెచ్చరిక: యాంటీ సీజ్ చొక్కాకి అంటితే అమ్మ తిట్లు ఖాయం, సబ్బుకి లొంగదు.

రాసేముందు తుపాకీ తెరిచి, ఖాళీయేనని రెండుసార్లు చూడండి. పాత టూత్‌బ్రష్‌తో రెండువైపులా మరలు శుభ్రం చేయాలి. గ్రీజు అగ్గిపుల్ల తలంత చాలు, వేలితో పల్చగా రాయండి. ఎక్కువైతే చోక్ అడుగున చేరి దాన్ని పూర్తిగా కూర్చోనివ్వదు, దుమ్మునీ పట్టుకుంటుంది. ముందు చేత్తో తిప్పి, చివర్లో చోక్ పానాతో కాస్త బిగిస్తే సరి. బలం చూపించే చోటు కాదది.

రౌండ్ రౌండ్‌కీ చోక్ వదులైందేమో చూడాలి, తుపాకీ ఖాళీ చేశాకే. వదులైతే వాయువు చోక్ వెనక అంచు కిందకి దూరుతుంది, బ్యారెల్ ఉబ్బొచ్చు. చోక్ లేకుండా కాలిస్తే లోపలి మరలే పాడవుతాయి. ఇంకో కంపెనీ చోక్ సైజు ఒకేలా కనిపించినా మరలు కలవకపోవచ్చు, రేంజ్‌లో ఫ్రెండ్‌ని అప్పు అడిగేముందు అది చూసుకోండి.

ఇప్పటికే పట్టేసిందా? తుప్పు వదిలించే నూనె పోసి, మూతి కిందకి వచ్చేలా రాత్రంతా నిలబెట్టండి. అప్పుడు నూనె వెనక్కి కారి చెక్క, లోపలి యంత్రం పాడవకుండా ఉంటాయి. పొద్దున్నే సరిగ్గా సరిపోయే చోక్ పానాతో నెమ్మదిగా ప్రయత్నించండి. కదలకపోతే ఆపేయండి. బోరు దగ్గరి పైపు పానా, గ్యాస్ మంట ఇక్కడ పనికిరావు. లైసెన్సున్న తుపాకీ మరమ్మతు షాపుకి తీసుకెళ్ళండి, లైసెన్సు కాగితాలు వెంట పెట్టుకుని.