బదులివ్వాలా, ఊరుకోవాలా?



బైబిల్లోని సామెతల గ్రంథం 26వ అధ్యాయంలో నాలుగో వచనం మూర్ఖునికి బదులు చెప్పొద్దంటుంది, ఐదోది చెప్పమంటుంది. ఇలాంటి చిక్కుల వల్లే యూదు పండితులు ఒకప్పుడు ఆ గ్రంథాన్నే పక్కన పెట్టాలనుకున్నారని తల్ముదు చెబుతుంది. చివరికి ధర్మశాస్త్రం మాటొస్తే బదులివ్వాలి, లోక వ్యవహారమైతే ఊరుకోవాలి అని సర్దుకున్నారు. మాకు ఈ సర్దుబాటు అంతగా రుచించలేదు. మూర్ఖుడు రెండు చోట్లా తగులుతాడు కదా!

ఫోను చేతిలో ఉంటే చాలు, మాటకు మాట అప్పగించేస్తున్న రోజులివి. అందుకే ఈ సంచిక. రచనలన్నిటి వెనకా మాకు కనిపించింది అదే బైబిల్లోని అబీగయీలు. భర్త నాబాలు దావీదు మనుషుల్ని నోటికొచ్చినట్టు మాట్లాడి పంపేశాడు. దావీదు 400 మందితో కత్తి కట్టి బయల్దేరాడు. ఆమె భర్తకు ఒక్క ముక్క చెప్పకుండా 200 రొట్టెలు, వేయించిన ధాన్యం, 200 అంజూరపు అడలు గాడిదలకెత్తించి ఎదురెళ్లింది. దావీదుతో దారిలోనే చాలాసేపు మాట్లాడింది. ఇంటికొస్తే నాబాలు తాగి ఉన్నాడు. తెల్లారి అతని మత్తు దిగేదాకా ఆమె నోరు విప్పలేదు.

ఆమె చేసింది తెలివా, భయమా అన్న దగ్గర మా రచయితలకు పొత్తు కుదరలేదు. మేమూ కుదర్చలేదు.

– సంపాదకులు