హాజరుపట్టీలో లేని పేర్లు

అనంతపురం జిల్లాలోని రాప్తాడు ప్రాంతం వర్షాభావానికి పెట్టింది పేరు. ఎర్రనేలలు, వేరుశనగ చేలు, మేఘం కోసం ఎదురుచూసే కళ్లు అక్కడి నిత్యదృశ్యాలు. అటువంటి చోటనైనా ధనుర్మాసం వచ్చిందంటే తెల్లవారేసరికి ప్రతి వాకిలీ ఒక చిత్రఫలకమవుతుంది. చుక్క తప్పకుండా, గీత చెదరకుండా తీర్చిన ముగ్గు చూపరులను ఆకట్టుకుంటుంది. మధ్యాహ్నానికి బండిచక్రాల కింద, పాదాల కింద అది చెరిగిపోతుంది. తీర్చిన చేయి ఎవరిదో ఎవరూ అడగరు. స్త్రీల చిత్రకళకు లోకం ఇచ్చిన స్థానం చాలాకాలం ఇంతే. అది ఇంటికి అలంకారం మాత్రమే. గుర్తుంచుకోదగిన పేరు కాదు.

స్త్రీలలో గొప్ప చిత్రకారిణులు అరుదు కనుకనే చరిత్రలో వారి పేర్లు తక్కువగా కనిపిస్తాయని కొందరి వాదన. ఈ వాదన నిలిచేది కాదు. లోపించినది ప్రతిభ కాదు. శిక్షణ, తీరిక, గుర్తింపు. ఈ మూడింటిలో మొదటి రెండూ ఇంటి చేతిలో ఉన్నవి, మూడవది సమాజం చేతిలో ఉన్నది. ఇందుకు విక్టోరియా రాణి కాలంలోని ఒక ఆంగ్ల చిత్రకారిణి జీవితమే నిదర్శనం.

ఎలిజబెత్ థాంప్సన్ 1846లో స్విట్జర్లండులోని లోజాన్ నగరంలో జన్మించింది. తండ్రి థామస్ జేమ్స్ థాంప్సన్ తన ఇద్దరు కుమార్తెలకు తానే గురువై చదువు చెప్పాడు. తల్లి క్రిస్టియానాకు సంగీతంలోను చిత్రలేఖనంలోను ప్రవేశం ఉంది. ఆ ఇంటి పెంపకంలో చెల్లెలు ఆలిస్ కవయిత్రిగా ఎదిగింది. అక్క కుంచె చేపట్టింది. ఎలిజబెత్ 1866లో లండనులోని బాలికల చిత్రకళా పాఠశాలలో చేరింది. తరువాత ఇటలీలోని ఫ్లారెన్సులోను శిక్షణ పొందింది.

పూలగుత్తులు, పసిపిల్లలే స్త్రీలు చిత్రించదగిన వస్తువులని భావించే ఆ రోజుల్లో ఆమె యుద్ధాన్ని ఎన్నుకున్నది. 1874లో రాయల్ అకాడమీ ప్రదర్శనలో ఆమె చిత్రం ‘ది రోల్ కాల్’ అందరి దృష్టినీ ఆకర్షించింది. క్రిమియా యుద్ధంలో పోరు ముగిసిన పిమ్మట, మంచునేలపై మిగిలిన సైనికులను పేరుపేరునా పిలిచి హాజరు తీసుకొనే దృశ్యమది. విజయగర్వం అందులో లేదు; అలసట, గాయాలు, బరువైన మౌనం ఉన్నాయి. చూడవచ్చిన జనాన్ని అదుపు చేయడానికి చిత్రం వద్ద పోలీసును నిలపవలసి వచ్చింది. చివరకు ఆ చిత్రం విక్టోరియా రాణి సొత్తయింది.

ఇంతటి కీర్తి వచ్చినా 1879లో రాయల్ అకాడమీ సహసభ్యత్వం ఆమెకు కేవలం రెండు ఓట్ల తేడాతో చేజారింది. 1768లో ఆ సంస్థ ఏర్పడినప్పుడు వ్యవస్థాపకులలో ఇద్దరు స్త్రీలున్నారు. ఆ తరువాత మరొక స్త్రీకి పూర్తి సభ్యత్వం లభించినది 1936లోనే. అప్పటికి ఎలిజబెత్ మరణించి మూడేళ్లయింది. ఇల్లు తెరిచిన తలుపును సంస్థ మూసివేసింది. 1877లో సైనికాధికారి విలియం బట్లరును వివాహమాడి, ఆరుగురు బిడ్డలను కని, భర్త ఉద్యోగరీత్యా దేశాలు తిరుగుతూ కూడా ఆమె కుంచెను విడువలేదన్నది గమనార్హం.

తెలుగునాట ఇటువంటి కుటుంబం రాజమహేంద్రవరంలో కనిపిస్తుంది. ఆధునికాంధ్ర చిత్రకళకు ఆద్యులలో ఒకరైన దామెర్ల రామారావు 1897లో అక్కడ జన్మించాడు. బొంబాయిలోని జె.జె. కళాశాలలో విద్య నేర్చి స్వస్థలానికి తిరిగి వచ్చాడు. ఆయన భార్య సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ చిత్రకారిణులే. ఆడవారికి అక్షరమే అరుదైన కాలంలో ఆ ఇంటి స్త్రీల చేతికి రంగులు అందాయి. 1925లో, ఇరవై ఎనిమిదేళ్లైనా నిండకముందే, రామారావు కన్నుమూశాడు. ఆయన పేర వెలసిన చిత్రశాలలో ఆ ఇద్దరు స్త్రీల చిత్రాలు కూడా చోటు చేసుకున్నాయి. అయినా నేటికీ వారి పరిచయం ‘రామారావు భార్య’, ‘రామారావు సోదరి’ అన్న మాటలతోనే మొదలవుతుంది. తరచు అక్కడే ముగుస్తుంది. బంధుత్వం చెప్పడం తప్పు కాదు. బంధుత్వం చాటున కళ మరుగున పడడమే తప్పు.

కరువుసీమలో బొమ్మలు కూడు పెడతాయా అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నను తేలికగా తోసివేయరాదు. ఆకలి తెలిసినవారి ప్రశ్న అది. రాప్తాడుకు ఎంతో దూరం లేని ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట దానికి సమాధానమిస్తుంది. అక్కడి కుటుంబాలు మేకతోలును శుభ్రపరచి, ఆరబెట్టి, రంధ్రాలు తొలిచి, రంగులద్ది తోలుబొమ్మలుగా మలచి బతుకుతున్నాయి. ఈ కళకే అంకితమైన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. ఆ ఇళ్లలో తోలుపనిలో ఆడవారి చేయి కూడా ఉంది. బొమ్మ అమ్ముడైనప్పుడు ఆ చేతికి కూడా పేరు దక్కాలి.

ఆడపిల్ల బొమ్మ గీస్తే మెచ్చుకోవడం సులభం. ఆమెకు ఒక గంట తీరిక కల్పించడం, ఇంటిపనిలో అన్నదమ్ములకూ వాటా ఇవ్వడం, కాగితం మూల ఆమె పేరు రాయించడం కష్టం. కాని కళ బతికేది మెప్పుతో కాదు, ఈ చిన్న ఏర్పాట్లతో. తరగతి గదిలో ప్రతి ఉదయం ప్రతి విద్యార్థినినీ పేరు పెట్టి పిలుస్తారు. కళాచరిత్రలోనూ ఆ పిలుపు వినిపించిననాడు, రాప్తాడు వాకిట ముగ్గు తీర్చిన పిల్ల కూడా తలెత్తి బదులు పలుకుతుంది.