మైపాటి దారిలో పల్లిపాడు

నెల్లూరు మన దక్షిణపుటెల్లకు వాకిలివంటి పట్టణము. 2022వ సంవత్సరపు జిల్లాల పునర్విభజనలో తడ, సూళ్లూరుపేటలు తిరుపతి జిల్లాకు పోయినను, చెన్నపట్టణమున రైలెక్కి ఈ దారిని వచ్చు తమిళ సోదరుడు ఆంధ్రదేశమున మొదట చేరు పెద్ద పట్టణ మిదియే. అట్లు వచ్చినవానికి మన మేమి చూపుచున్నాము?

ఉదయమున పెన్నయొడ్డున తల్పగిరి రంగనాథుని గాలిగోపురము, మధ్యాహ్నము చేపల పులుసుతో భోజనము, సాయంకాలము మైపాటి సముద్రము. ఇందు తప్పేమియు లేదు. రంగనాథుని సన్నిధి దర్శనీయము. మైపాటి యలలును, పట్టపువారి పడవలును చూడదగినవే. పులుసు సంగతి మేము వేఱుగ చెప్పబనిలేదు! అయితే మైపాడు పోవువారు ఇందుకూరుపేట మండలములోనికే పోవుచున్నారు. ఆ మండలమునందే పెన్నయొడ్డున పల్లిపాడు కలదు. అచట దిగువా రెందఱు?

1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీమహాత్ముడు స్వయముగా విచ్చేసి పల్లిపాటిలో పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించెను. గోఖలేగారి భారత సేవక సమాజమును వీడివచ్చిన దిగుమర్తి హనుమంతరావుగారును, చతుర్వేదుల వెంకటకృష్ణయ్యగారును దానిని నిలువబెట్టిరి. పొణకా కనకమ్మగారు భూమి నిచ్చిరి. దక్షిణాఫ్రికాలో మహాత్మునికి కుడిభుజమైన పార్శీ రుస్తుంజీగారు పదివేల రూపాయలు పంపిరి. ఆశ్రమ భవనమునకు ఆయన పేరే పెట్టిరి. డర్బను వర్తకుని యార్జితము పెన్నయిసుకలో రాట్నము త్రిప్పువారికి నీడయైనది! హనుమంతరావుగారు 1926లోనే కన్నుమూసిరి.

అచట చూచుట కేమున్నదని కొందఱు పెదవి విఱచుదురు. నిజమే, గోపురమువలె కన్ను చెదరగొట్టున దేదియు లేదు. కాని ఎల్లయూరు చూడవచ్చినవానికి ఆ యెల్ల యెట్లు పుట్టినదో చెప్పవలదా? మూలపేట వేణుగోపాలస్వామి యాలయమున హరిజనుల ప్రవేశమునకై 1946లో నిరశనము పట్టిన పొట్టి శ్రీరాములుగారే, 1952లో చెన్నపట్టణమున 58 దినము లుపవసించి ప్రాణములు విడిచిరి. మఱుసటి సంవత్సరమే ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. ఆ గాంధేయ దీక్షకు ఈ జిల్లాలో పల్లిపాడు పాతపాదు. మూలపేట గుడి, పల్లిపాడు, మైపాడు: ఈ మూడును ఒక్క దినములో చూడవచ్చును.

పఠనమందిరముల వారు బాలురను ఆదివారము లచటికి తోడ్కొనిపోరాదా? బస గృహముల యజమానులు బాటసారులకు ఒక మాట చెప్పరాదా? జనము మెలగని యింటికి బూజు పట్టుట కెంతకాలము కావలయును? మైపాడు పోదలచిన కుటుంబము రెండు గంటలు ముందుగా బయలుదేరిన చాలును. పల్లిపాడు చూచుకొని, ప్రొద్దు వాలకమునుపే సముద్రము చేరవచ్చును.