నీళ్ల అడుగున హాకీ: కిట్ కొనే ముందు పూల్ సంగతి తేల్చుకుందాం



నీళ్ల అడుగున ఆడే హాకీ వీడియోలు చూసి మనవాళ్లు కొందరు "వాగులో ఈదినోళ్లం, మనకెందుకు రాదు?" అంటున్నారు. ఎందుకు రాదు, వస్తుంది. కానీ స్కాలర్‌షిప్ డబ్బులతో కిట్ ఆర్డర్ పెడతామంటే మాత్రం మేము ఒప్పుకోం.

ఈ ఆట 1954లో ఇంగ్లండ్‌లో పుట్టింది. జట్టుకు ఆరుగురు చొప్పున నీళ్లలో ఉంటారు. ముక్కును కూడా కప్పే మాస్కు, స్నార్కెల్, ఫిన్స్, గ్లౌజు, చెవులు కాపాడే టోపీ, మూరెడు కూడా లేని కర్ర కావాలి. లిస్టు చూస్తే భయమేస్తుంది గానీ కర్ర చాలామంది చెక్కతో సొంతంగా చేసుకుంటారు. ఆ పని మనకు ఒకరు నేర్పక్కర్లేదు. బ్రిటన్ యూనివర్సిటీ క్లబ్బుల్లో కొత్తగా వచ్చినవాళ్లకు సామాను క్లబ్బే అరువిస్తుంది.

అసలు ఖర్చు పూల్‌ది. పక్ లోపల సీసం ఉంటుంది, బరువు సుమారు 1.3 కిలోలు. అది నున్నటి అడుగు మీద జారాలి. మన వాగులో ఇసుక, రాళ్లు, చెరువులో బురద. 25 మీటర్ల పొడవు, రెండు మీటర్లకు తగ్గని లోతు ఉన్న పూల్ కావాలి. దాని అద్దె, కోచ్, లైఫ్‌గార్డ్, పన్నెండు మంది బస్సు చార్జీలు, తిండి. ఉట్నూరు నుంచో పాడేరు నుంచో వారం వారం సిటీకి పోయి రావడం ఏ ఇంటికి అవుతుంది? ఒక్కడే కొన్న మాస్కు మంచం కిందే ఉంటుంది.

అలాగని "మనకు కబడ్డీ, విలువిద్య చాలులే" అనే పెద్దమనుషులతోనూ మాకు పేచీయే. 2014 మే 25న మలావత్ పూర్ణ 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. ఆ ఖర్చు సాంఘిక సంక్షేమ గురుకులాల సొసైటీ మోసింది. ఇంటి మీద పడి ఉంటే ఆ పిల్ల కొండ మొహం చూసేదా?

కాబట్టి అడగాల్సింది ఐటీడీఏని. ప్రభుత్వ పూల్‌లో వారానికి రెండు గంటలు, అందరికీ కలిపి ఒక సామాను సంచి, ఒక బస్సు. ఈలోపు ఊపిరి బిగబట్టే ప్రాక్టీసు బావిలో, వాగులో ఒంటరిగా చేయకండి తమ్ముళ్లూ. నీళ్లలో స్పృహ తప్పితే కేక వేసే టైం కూడా ఉండదు.

మీ హాస్టల్‌లో ఈత వచ్చినవాళ్లెందరు, దగ్గరి పూల్ ఎంత దూరం, లోతెంత, కింద కామెంట్లలో రాయండి. అర్జీలో ఆ లెక్కలే పెడదాం.