ఫార్మాట్ కొట్టే ముందు నకలు తీయండి

వేసవిలో ఈదురుగాలి లేస్తే బత్తలపల్లి, ధర్మవరం పల్లెల్లో కరెంటు పోవడం కొత్తేమీ కాదు. కాసేపటికి కరెంటు వస్తుంది. కంప్యూటరు మాత్రం ఒక్కోసారి నల్లటి తెర దగ్గరే ఆగిపోతుంది. మరమ్మతు దుకాణానికి తీసుకెళ్తే తరచూ వినిపించే మొదటి మాట, ‘ఫార్మాట్ కొట్టేద్దాం’. ఆ మాటకు వెంటనే ఒప్పుకోకూడదు.

ధర్మవరం పట్టుచీరల అంచులు, కొంగుల డిజైన్లు ఒకప్పుడు గ్రాఫు కాగితం మీద గీసేవారు. ఇప్పుడు ఆ పని కంప్యూటర్లో సాగుతోంది. ఫైలు పోయిందంటే డిజైనరు రోజుల తరబడి పడ్డ శ్రమ పోయినట్టే. రికార్డుల సంగతీ అంతే. 1969లో అనంతపురం వచ్చిన స్పెయిన్ దేశీయుడు విసెంటే ఫెర్రర్ నెలకొల్పిన సేవాసంస్థ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ)కి బత్తలపల్లిలో ఆసుపత్రి ఉంది. అక్కడ హెచ్‌ఐవీ రోగుల చికిత్స వివరాలు ఏళ్ల తరబడి క్రమంగా నమోదు చేయబట్టే, వాటి ఆధారంగా రాసిన పరిశోధన పత్రాలు అంతర్జాతీయ వైద్య పత్రికల్లో వచ్చాయి. కరువు సీమలో ఒక రికార్డు విలువ అంతటిది.

ఫైలు ఒక్కటే అయినా డిస్కులో రాత చాలాచోట్ల జరుగుతుంది: లోపలి విషయం ఒకచోట, పేరూ పరిమాణం మరోచోట, ఖాళీ జాగాల లెక్క ఇంకోచోట. నడుమ కరెంటు పోతే ఒకదానితో ఒకటి పొసగవు. అందుకే 1993లో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్, 2001లో లినక్స్‌లో చేరిన ఈఎక్స్‌టీ3 వంటి ఫైల్ సిస్టమ్‌లు, ఆవర్జాకు ఎక్కించే ముందు చిట్టాలో రాసుకునే షావుకారులా, చేయబోయే మార్పును ముందే నమోదు చేసుకుంటాయి. అయితే ఈ చిట్టా సాధారణంగా కాపాడేది డిస్కు అమరికను, ఫైలులోని విషయాన్ని కాదు. పెన్‌డ్రైవుల్లో వాడే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లకైతే అదీ లేదు.

కంప్యూటరు లేవనప్పుడు దాన్ని పదేపదే ఆన్ చేయడం మానాలి. డిస్కు టిక్కుటిక్కుమంటుంటే వెంటనే ఆపేసి, డేటా రికవరీ తెలిసినవారికి ఇవ్వాలి. శబ్దం లేకుంటే పెన్‌డ్రైవులోని లినక్స్‌తో కంప్యూటరును తెరిచి, పాత డిస్కులో ఏమీ రాయకుండా, డీడీరెస్క్యూ వంటి సాధనంతో మొత్తాన్నీ మరో డిస్కులోకి నకలు తీయాలి. చెక్‌డిస్క్, ఎఫ్‌ఎస్‌సీకే వంటివి నడపాల్సింది ఆ నకలు మీద. ఒక సంగతి చాలామందికి తెలియదు: ఆ ప్రోగ్రాముల పని డిస్కు లెక్కలు సరిచేయడం. లెక్కకు అందని ఫైలును అవి కత్తిరించవచ్చు, లేదా పేరు తీసేసి అంకెలు తగిలించి వేరే ఫోల్డరులో పడేయవచ్చు. అసలు డిస్కు మీదే నడిపితే వెనక్కి తిరిగే దారి ఉండదు. ఎస్‌ఎస్‌డీని ఫార్మాట్ చేస్తే ముప్పు ఇంకా పెద్దది. ఖాళీ అనుకున్న జాగాను అదే తుడిచేసుకుంటుంది గనుక పాత ఫైళ్లు దాదాపు దొరకవు.

2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించినప్పుడు ఉత్పత్తి నష్టం గురించి చర్చ జరిగింది. కరెంటు కోతల్లో చెడిపోయే రికార్డుల నష్టాన్నీ అదే పట్టింపుతో చూడాలి. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలు సహా ప్రతి ప్రభుత్వ కార్యాలయం యూపీఎస్ బ్యాటరీని ఏటా పరీక్షించాలి, రికార్డుల నకలు మరో భవనంలో ఉంచాలి. మరమ్మతు దుకాణాలు కూడా నకలు తీయడాన్ని బిల్లులో మొదటి పద్దుగా వేసి, దానికి డబ్బు తీసుకోవచ్చు. ఏళ్ల రికార్డులు నిలుస్తాయంటే ఆ ఖర్చు భరించదగినదే.