ఆ బల్ల కింద పుట్టిన విద్యకు మన దగ్గర గది లేదా?

సాఫ్ట్‌వేర్ జీతంతో కట్టిన ఇల్లు ఒక్కటైనా లేని ఊరు తెలుగునేల మీద వెతికినా దొరకదు. మాదాపూర్‌లో అద్దాల మేడలు, అమీర్‌పేటలో కోచింగ్ బోర్డులు, డాలస్ నుంచి సిలికాన్ వ్యాలీ దాకా తెలుగు సంఘాలు, అన్నిటికీ ఆ విద్యే అన్నం పెట్టింది. మరి కంప్యూటర్‌ను విప్పి, మార్చి, సొంతం చేసుకునే ఆ తీరుకు ఓనమాలు దిద్దిన చోటేదని మన ఇంజినీర్లను అడగండి. కంపెనీల పేర్లు చెబుతారు, గ్యారేజీల కథలు చెబుతారు. బుల్లి రైళ్లు నడుపుకునే ఒక విద్యార్థుల క్లబ్బు అని ఎంతమంది చెబుతారు? చెబితే నమ్మేవాళ్లకన్నా నవ్వేవాళ్లే ఎక్కువ. ఆ నవ్వు చూస్తేనే నాకు కడుపు రగులుతుంది.

అమెరికాలో, ఎంఐటీలో 1946లో మొదలైంది టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్. యుద్ధకాలంలో రాడార్ పరిశోధన కోసం 1943లో హడావిడిగా లేపిన చెక్క కట్టడం బిల్డింగ్ 20. యుద్ధం అయిపోగానే కూల్చేద్దామనుకున్న ఆ భవనంలోనే క్లబ్బుకు ఒక గది దొరికింది. గదినిండా పెద్ద బల్ల, బల్లమీద కొండలు, ఊళ్లు, వంతెనలు, వాటి మధ్య పట్టాలు. సభ్యుల్లో రెండు రకాలవాళ్లు ఉండేవారు. ఒకరకం వాళ్లకు పైనున్న లోకమే లోకం. ఇంజిన్‌కు రంగు వేయడం, పాత రైళ్ల చరిత్ర తవ్వడం, చెట్టుకు ఆకులు అంటించడం. రెండోరకం వాళ్లు బల్ల కిందికి దూరేవారు. వాళ్ల ఉపసంఘం పేరు సిగ్నల్స్ అండ్ పవర్. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల సామాను తెచ్చుకుని, వందలకొద్దీ రిలేలను, అంటే విద్యుత్తుతో పనిచేసే స్విచ్చులను, వైర్లతో కలిపి, రైళ్లకు ఒక మెదడును కట్టారు.

ఆ క్లబ్బులో సభ్యుడు కావడమంటే ఏమిటో తెలుసా? బల్లంతా పరుచుకున్న ఆ రైలు లేఅవుట్ మీద నలభై గంటలు పని చేసినవాడికి గది తాళంచెవి చేతికొచ్చేది. మార్కుల జాబితా అడగరు, తండ్రి ఏం చేస్తాడని అడగరు, ఏ బ్రాంచి అని అడగరు. చేసిన పనే పరిచయపత్రం. ఇక అర్ధరాత్రి అయినా, తెల్లవారుజాము అయినా ఆ తలుపు నీదే. వెల్లకిలా పడుకుని, మొహం మీదికి దిగిన వైర్లలో తప్పు వెతుకుతుంటే పైనుంచి ఎవరో రైలు కదిపి చూస్తుంటారు. ఒకడు వారం రోజులు కష్టపడి కట్టిన సర్క్యూట్‌ను ఇంకొకడు సగం రిలేలతో కట్టి చూపిస్తే, ఓడినవాడే ముందుగా మెచ్చుకుంటాడు. అధ్యాపకుడు లేడు, హాజరుపట్టీ లేదు, సర్టిఫికెట్టు అంతకన్నా లేదు. చదువంటే ఇదే కాకపోతే మరేది?

ఆ పని అల్పమైనదని అనుకునేవాళ్లు కాసేపు ఆగి ఆలోచించాలి. ఒకే లేఅవుట్ మీద నలుగురు నాలుగు రైళ్లు నడపాలి. పట్టాలను చిన్న చిన్న బ్లాకులుగా విడగొట్టాలి. ఏ బ్లాకు ఏ క్షణాన ఎవరి చేతిలో ఉందో యంత్రానికి తెలియాలి. ఒక బ్లాకులో రెండు రైళ్లు ఉండకూడదు. ఒకటి వదిలేదాకా రెండోది ఆగాలి, కానీ రెండూ ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ శాశ్వతంగా నిలిచిపోకూడదు. కంప్యూటర్ సైన్సులో ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివిన ప్రతి విద్యార్థీ పరీక్షకోసం బట్టీపట్టేది సరిగ్గా ఈ చిక్కునే! ఆ కుర్రాళ్లు దాన్ని వేళ్లతో తడిమి నేర్చుకున్నారు.

అందుకే, కంప్యూటర్ కంటపడగానే వాళ్లు బెదిరిపోలేదు. అప్పట్లో ఎంఐటీలో ఉన్న ఐబీఎం 704 దగ్గరికి మామూలు విద్యార్థిని పోనిచ్చేవారు కాదు. కార్డులు కిటికీలో ఇచ్చి ఫలితం కోసం వేచి ఉండాలి. 1958లో టీఎక్స్-0 అనే ట్రాన్సిస్టర్ యంత్రం క్యాంపస్‌కు వచ్చింది. అంతకుముందు ఇదే క్లబ్బులో సభ్యుడైన జాక్ డెన్నిస్ ఈ కుర్రాళ్లకు దానిముందు కూర్చునే దారి చూపించాడు. పీటర్ శాంసన్, అలన్ కోటక్, వాళ్ల నేస్తాలు బల్ల కింద నేర్చిన విద్యనంతా అక్కడికి మోసుకెళ్లారు. 1961లో పీడీపీ-1 అనే మరో కంప్యూటర్ వచ్చింది. 1962కల్లా స్టీవ్ రసెల్, మిత్రులు కలిసి ‘స్పేస్‌వార్’ ఆట రాశారు. దానికి శాంసన్ నిజమైన నక్షత్రాలతో ఆకాశం పరిచాడు. ఆడేవాళ్ల చేతిలో పట్టుకునే మీటల పెట్టెలను కోటక్, బాబ్ సాండర్స్ రైలు క్లబ్బు గదిలో దొరికిన చెక్కముక్కలతో, స్విచ్చులతో చేశారు. ఇవాళ మీ పిల్లాడు చేతిలో పట్టుకున్న గేమ్ కంట్రోలర్‌కు ముత్తాత ఆ చెక్కపెట్టె. కోటక్ తర్వాత పీడీపీ-10 యంత్రానికి ప్రధాన రూపశిల్పి అయ్యాడు, వరల్డ్ వైడ్ వెబ్ ప్రమాణాలు రూపొందించే సంస్థలోనూ పనిచేశాడు. ఈ చరిత్రంతా 1984లో స్టీవెన్ లెవీ పుస్తకంగా రాసి ఉంచాడు. చదివే తీరికే మనకు లేకపోయింది.

ఇక ఇటు మన దగ్గరికి రండి.

సూక్ష్మంగా లోకాన్ని కట్టడం మనకు తెలియని విద్యా? సంక్రాంతికి మెట్లు కట్టి బొమ్మల కొలువు పెట్టి, పేరంటాళ్లను పిలిచి, వాయనమిచ్చి గౌరవించిన జాతి మనది. తెల్లపొణికి చెక్కలో ప్రాణం పోసే కొండపల్లి మనది. అంకుడు కర్రకు లక్క పూసి నునుపు తేల్చే ఏటికొప్పాక మనది. ఇంత చేతినేర్పున్న నేలమీద, సూక్ష్మ రైలు అనగానే ‘ఇంకా చిన్నపిల్లాడివా’ అనే మాట ఎక్కణ్నుంచి వచ్చింది? ఆ మాటకు ప్రభుత్వం కూడా ముద్ర వేసింది. 1:87 కొలతలో, 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీద, నిజమైన ఇంజిన్‌కు నకలుగా తయారైన నమూనా కూడా కస్టమ్స్ లెక్కలో ఆటబొమ్మే. ఆ పద్దు మీద సుంకం 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60కి ఎగబాకింది, 2023లో 70కి చేరింది. దేశీయ బొమ్మల పరిశ్రమను కాపాడటానికట. కాపాడండి, ఎవరు వద్దన్నారు? నేర్చుకునే కుర్రాడి చేతిలోని పనిముట్టును ఎందుకు లాక్కుంటారు?

లండన్‌లో మోడల్ రైల్వే క్లబ్ 1910లో పెట్టారు, ఈనాటికీ నడుస్తోంది. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని పెండన్ మ్యూజియంలో, ఆస్ట్రేలియా నుంచి వచ్చి స్థిరపడిన రాయ్ ఇంగ్లండ్ అనే మనిషి మొదలుపెట్టిన పనిని ఎంతోమంది స్వచ్ఛందంగా కొనసాగించి, 1930ల నాటి పల్లెలను గడ్డికప్పుతో సహా 1:76 కొలతలో నిలబెట్టారు. కూలిపోతున్న ఇళ్లను చూసి ఆయన కూర్చుని ఏడవలేదు, కొలతలు తీసుకున్నాడు. మన మీటర్ గేజి ఏమైంది? నల్లమలలో దొరబావి వంతెన మీదుగా వెళ్లిన ఆ చిన్న రైలును, రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1997 దాకా రైళ్లను మోసిన హేవలాక్ వంతెనను కొలతలతో సహా కట్టి మనవల ముందు పెట్టేదెవరు? ఫొటోలు తీసుకుని, రీల్స్ చేసుకుని, చేతులు దులుపుకున్నాం. అంతేనా మన రుణం?

సికింద్రాబాద్‌కు ఇది మరీ సిగ్గుచేటు. రైల్వే సిగ్నల్ ఇంజినీర్లకు శిక్షణ ఇచ్చే ఇరిసెట్ 1957 నుంచి ఇక్కడే ఉంది. రైళ్లు ఢీకొనకుండా ఆపే ‘కవచ్’ను దక్షిణమధ్య రైల్వే పట్టాల మీదే పరీక్షించారు. సిగ్నల్ విద్యకు ఇంతకన్నా తగిన పుట్టిల్లు ఏ నగరం? ఆ నగరంలో పదిహేనేళ్ల పిల్ల ఎర్రదీపం ఎందుకు వెలిగిందో తన చేత్తో రిలే కలిపి తెలుసుకోవాలంటే ఏ తలుపు తట్టాలి?

కాలేజీ యాజమాన్యాలను సూటిగా అడుగుతున్నాను. సీఎస్ఈ సీట్లు పెంచుకోవడానికి మీకు అంతస్తులు దొరుకుతాయి, ఒక్క గది దొరకదా? సాయంత్రం కాగానే ల్యాబుకు తాళం వేసి, పక్కవాడి రికార్డు చూసి రాసినదానికి సంతకం పెట్టి, ‘ఇన్నోవేషన్’ అని గేటుమీద రాయడానికి మనసెలా ఒప్పుతోంది? పెద్ద పదవుల్లో ఉన్న అయ్యలారా, మీరు వేదికల మీద సిలికాన్ వ్యాలీ పేరు జపిస్తారే, ఆ పంట ఏ నేలలో మొలకెత్తిందో ఒక్కసారైనా చూశారా? తల్లిదండ్రులారా, మీ పిల్లాడు సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే ‘చదువు చెడిపోతుంది’ అంటారు. ఏ చదువు? ఎవరి ప్యాకేజీని చూసి మీరు ఆ చదువు కొన్నారో, ఆ ప్యాకేజీకి మూలమైన విద్యే వాడి చేతిలో ఉందని మీకు ఎవరూ చెప్పలేదా?

బిల్డింగ్ 20ని చివరికి 1998లో కూల్చేశారు. క్లబ్బు మరో చోటికి వెళ్లి లేఅవుట్‌ను మళ్లీ కట్టుకుంది. అందులో ఎంఐటీలోని ఎత్తైన భవనానికి నమూనా పెట్టి, దాని కిటికీల దీపాలతో టెట్రిస్ ఆట ఆడించారు. గోడలు పోయినా క్లబ్బు పోలేదు, ఎందుకంటే సభ్యుల చేతుల్లో తాళంచెవులు ఉన్నాయి. నేను కోట్లు అడగడం లేదు. ప్రతి జిల్లాలో ఒక్క ఇంజినీరింగ్ కాలేజీ, పాత సామాను పడేసిన ఒక్క గది ఖాళీ చేసి, ఒక బల్ల వేసి, తుక్కుకింద అమ్మే పాత రిలేలను రైల్వేవాళ్ల దగ్గర అడిగి తెచ్చి, నలభై గంటలు పనిచేసిన ప్రతి విద్యార్థికీ తాళంచెవి ఇవ్వాలి. రాత్రి పదకొండింటికి ఆ గదిలో దీపం వెలుగుతుంటే వాచ్‌మన్‌ను పంపి ఆర్పించకూడదు. వచ్చే విద్యాసంవత్సరంలోపు ఈ పని చేస్తామని చెప్పే ప్రిన్సిపాల్ మొదట ఏ జిల్లానుంచి లేస్తారు?